యంత్రానికి నిద్ర కోసం బోధన్ దాకా

రెండు వేల ఎనిమిది, ఫిబ్రవరి పందొమ్మిది, మంగళవారం, పొద్దున ఏడుంపావు. నేనూ మా వదిన పోశవ్వా వేల్పూర్ ఆటో ఎక్కిన సమయం ఇది. ఇంత సరిగ్గా ఎట్లా చెబుతున్నానంటే, నా ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ మూత తెరిచి గడియారం చూశాను. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం రాదు, గడియారం చూడటమూ రాదు. ఇప్పుడు యాభై ఎనిమిది. వచ్చిన విద్యను వాడకుండా ఊరుకోవడం నా వల్ల కాదు.

ఎందుకు బయలుదేరామో ముందు చెబుతాను. మా ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లం పదకొండు మందిమి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా కూర్చుని చదువుకుంటాం. పదో తరగతి పరీక్షకు కట్టాం. చెప్పేది సుగుణ టీచర్. ఆమెకు తోడుగా నిజామాబాద్‌లో ఉండే మల్లేశం సార్ ఈ ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టాడు. మేం దాన్ని పెట్టె అంటాం. పాఠం గొంతుతో చెబుతుంది, మనం మీట నొక్కితే తప్పో ఒప్పో చెబుతుంది. పిల్లల ముందు సిగ్గుపడేవాళ్లం కూడా దాని ముందు సిగ్గుపడం.

మా ఊళ్లో సరిగ్గా రెండింటికి కరెంటు పోతుంది, నాలుగున్నరకు వస్తుంది. పెట్టెలో బ్యాటరీ గంటా నలభై నిమిషాలకు చస్తుంది. చివర్లో ఉండే లెక్కల పాఠం మూడు నెలల నుంచి ఒక్కటీ పూర్తి కాలేదు. సంక్రాంతి అయ్యాక మల్లేశం సార్ వచ్చి మొహం మీదే చెప్పాడు.

"ఇరవై ఒకటో తారీఖు గురువారం వస్త. ఆ రోజు రెండున్నర గంటలు నడిస్తె ఉంచుత. లేకుంటె కరెంటుండే ఊరికిస్త. నా మీద కోపం జెయ్యకుండ్రి."

నేను కోపం చెయ్యలేదు. ఆయన చోట నేనున్నా అదే చేసేదాన్ని. కానీ పెట్టె పోతే క్లాసు ఉండదని మా పదకొండు మందికీ తెలుసు. అందుకే బ్యాటరీ మార్పించుకు రావడానికి మమ్మల్ని ఇద్దరినీ పంపారు.

ఆర్మూర్ దాటాక

అది పసుపు ఉడకబెట్టే కాలం. వేల్పూర్ నుంచి ఆర్మూర్ అవతలి దాకా చేలల్లో పొగలే. ఆ వాసన మాకు అలవాటే, ఆర్మూర్‌లో మారిన బస్సులో పక్కన కూర్చున్న కరీంనగర్ మనిషి మాత్రం ముక్కు మూసుకున్నాడు. కాసేపటికి నా ఒళ్లో సంచీ చూసి అడిగాడు.

"ఏందవ్వా అది, కుట్టు మిషనా?"

"కాదు బిడ్డా, మా టీచరమ్మ" అంది పోశవ్వ. "పానం మంచిగ లేదు. దవాఖానకు తీస్కపోతున్నం."

ఆయన నిజమే అనుకున్నట్టు కొంచెం జరిగి కూర్చున్నాడు. ఏమైతేనేం, నిజామాబాద్ దాకా కాళ్లు చాపుకున్నాం.

కంఠేశ్వర్‌లో ఖలీల్ భాయ్

నిజామాబాద్ పట్నంలో ఒక్కో మిర్చి బజ్జీ రెండు రూపాయలు. మా ఊళ్లో అదే రెండు రూపాయలకు మూడు ఇస్తారు. కానీ కంఠేశ్వర్ గుడి దగ్గరి బండివాడు మిర్చిని చీల్చి లోపల వాము, చింతపండు కూరుతాడు. ధర ఎక్కువే, తప్పు పట్టలేదు.

కంప్యూటర్లు బాగుచేసే ఖలీల్ భాయ్ దుకాణం మందుల షాపు పక్కన, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఆయన బ్యాటరీ విప్పాడు, ఏదో మీటరుకు తగిలించాడు, మళ్లీ బిగించాడు. పెట్టెను వెలిగించి ఏ పాఠమూ తెరవకుండా పక్కన పెట్టి చాయ్ తాగాడు. తాగడం అయ్యాక నన్ను పిలిచాడు.

"అమ్మా, ఈడ చెయ్యి పెట్టుండ్రి."

పెట్టాను. వేడిగా ఉంది.

"మనం దానికి ఏ పనీ చెప్పలే. మరి ఎందుకు ఉడుకుతుంది? బ్యాటరీ మంచిగనే ఉంది. లోపల ఎవడో దీన్ని పండనిస్తలేడు, నిద్ర పోనిస్తలేడు."

"కొత్త బ్యాటరీ ఎంత?" అన్నాను.

"నాలుగున్నర వేలు. గని నేనియ్య."

"పైసలు తెచ్చినం భాయ్. ఎందుకియ్యవ్?"

"కొత్తదేసినా గదే కత. రేపు మీరొచ్చి నన్ను తిడ్తరు, ఈ గల్లీ అంత వింటది. నాకు స్క్రూలు తెలుసు అమ్మా, లోపలి విద్య తెల్వదు. బోధన్ పోండ్రి. ఆడ వరలక్ష్మి మేడమ్ కంప్యూటర్ నేర్పిస్తది. ఉండేది క్యాంపుల."

బీడీ కట్టలు పెట్టే అట్ట ముక్క ఒకటి నా చేతిలో ఉంటే, దాని మీద ఊరూ పేరూ రాసిచ్చాడు. ఆయన తెలుగు రాత నాకన్నా అధ్వాన్నం. ఆ మాట ఆయనకే చెప్పాను. "నేనూ మొన్ననే నేర్చుకున్న, ఉర్దూ చూస్తె మెచ్చుకుంటరు" అని నవ్వాడు. అమ్మగలిగిన సరుకును అమ్మనన్న దుకాణందారును నా జన్మలో చూడటం అదే మొదలు.

ఆ పూట మా పోశవ్వ బిడ్డ ఇంట్లో ఉన్నాం. పట్నంలో కూడా బీడీలే చుడతారు, కానీ తలుపులు మూసుకుని, టీవీ చూస్తూ. మా ఊళ్లో నలుగురం ఒక అరుగు మీద కూర్చుంటాం. టీవీ లేకపోయినా మాటలకు కరువుండదు.

బోధన్ బస్సు, చెరుకు బండి

బుధవారం బోధన్ బస్సులో నిలబడే చోటు కూడా లేదు. సరిహద్దు అవతలి మరాఠీ ఆవిడ నన్ను చూసి, తన మూట ఒళ్లోకి తీసుకుని, "బసా, బాయీ" అంది. కూర్చోమని. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నాది రాదు. జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం విప్పి సగం నాకు పెట్టింది. రొట్టె మా రొట్టెకన్నా పల్చన, కారం మా కారంకన్నా రెండింతలు. నేను కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే ఆమె వీపు నిమిరింది.

సగం దారిలో ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్ ఒకటి కల్వర్టు మీద ఇరుక్కుంది. దాని వెనకాల మా బస్సు గంటసేపు. జనం దిగి తలో గడ లాక్కున్నారు. ట్రాక్టర్ మనిషి తిట్టలేదు. "తినుండ్రి, బరువు తగ్గితె నా బండి లేస్తది" అన్నాడు. మా దగ్గర పసుపు కొమ్ము ఒకటి తీసినా తిరగబడతారు. చెరుకు పండే నేల మనసు వేరేగా ఉంటుందేమో మరి.

ఆ గంటలో నేను పెట్టె మూత ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. బ్యాటరీ ఎంత మిగిలిందో పెద్ద అంకెల్లో కనబడుతుంది. తొంభై. ఎనభై నాలుగు. డెబ్బై.

"మాటిమాటికి మూత తీస్తవేందే రాజవ్వా?" అంది పోశవ్వ. "పొయ్యి మీద కూరనా అది?"

"సూడకుంటె పానం కొట్టుకుంటుంది ఒదినె."

బోధన్‌లో దిగేసరికి తెర నల్లబడిపోయింది.

క్యాంపులో

క్యాంపు అన్నారు కానీ అక్కడ డేరా ఒక్కటీ లేదు. మిద్దె ఇళ్లు, చుట్టూ కాలువ నీళ్ల పొలాలు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చినప్పుడు డేరాలు వేసుకున్నారట, పేరు అట్లాగే ఉండిపోయింది. వరలక్ష్మి అత్తగారు సుబ్బమ్మ గడపలోనే ఎదురొచ్చింది.

"రండమ్మా, రండి. ఎండన పడి వచ్చారు, ముందు భోంచెయ్యండి."

పోశవ్వ వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా దొరసాని వచ్చిందేమోనని. మమ్మల్నే అంటున్నదని తెలిశాక కొంగు సర్దుకుంది. ముద్దపప్పు, ఆవకాయ, మజ్జిగ పులుసు పెట్టారు. బాగుంది. కానీ అన్నంలో పుల్ల మజ్జిగను కాచి పోయడమెందుకో నాకు అర్థం కాలేదు, అడిగాను కూడా. "మరి మీరు జొన్నరొట్టెలోకి పచ్చిపులుసు ఎందుకు చేస్తారండీ?" అని సుబ్బమ్మ అడిగింది. ఇంకో గరిటె పోయించుకున్నాను.

వరలక్ష్మి ముప్పై ఏళ్ల పిల్ల, మాట నెమ్మది. కరెంటు తగిలించి, పెట్టెను వెలిగించి, నల్లటి కిటికీ ఒకటి తెరిచింది. అందులో తెల్లటి అక్షరాల వరుస.

"ఇది నిద్రపోవడం మానేసిందండి" అంది.

"నిద్రనా?"

"అవునండీ. మనం పని చెప్పనప్పుడు దీని మెదడు పడుకోవాలి. సెకనులో కూడా ముక్కలు ముక్కలుగా పడుకుంటుంది. ఎంత లోతుగా పడుకుంటే బ్యాటరీ అంత మిగులుతుంది. కానీ లోపలున్న ఒక్కో ప్రోగ్రాం, నన్ను ఇంత సేపటికోసారి లేపు అని అలారం పెట్టుకుంటుంది. అలారం మోగినప్పుడల్లా ఇది లేవాలి. ఇదుగో, సెకనుకు నాలుగు వందల అరవై సార్లు లేస్తోంది."

"గంటకనుకున్న" అంది పోశవ్వ.

"సెకనుకేనండి. ఎవరు లేపుతున్నారో పేర్లు కూడా ఉన్నాయి." వేలు పెట్టి చదివింది. "ఈ చిలుక కళ్లు ఆర్పుతోంది. ఈ దీపం ఊగుతోంది. సెకన్ల ముల్లు తిరుగుతోంది. ఇదేమో మీ ఊళ్లో లేని నెట్ కోసం వెతుకుతోంది. మీ పాఠం చెప్పేదే, మీట నొక్కారా నొక్కారా అని సెకనుకు వంద సార్లు అడుగుతోంది. అసలు ఇన్ని బొమ్మలు ఎవరు పెట్టించారండీ?"

అది మా తప్పే. మా గుంపులో ఒక కట్టుబాటు ఉంది: ఏది వచ్చినా అందరికీ వాటా. పెట్టె వచ్చిన రోజు లలిత తన కోసం దీపం బొమ్మ పెట్టించుకుంది. అయితే నాకు చిలుక అంది పోశవ్వ. ఒకరికి తిథులు, ఒకరికి పూలతీగ. ఎవరినీ చిన్నబుచ్చకూడదని తెర చుట్టూ పదకొండు పెట్టించాం. న్యాయం చేశామనుకున్నాం.

"అన్నిటికన్నా పైనున్నది ఏది?" అన్నాను.

"బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే పెద్ద అంకెలండి. ఎంత ఉంది, ఎంత ఉంది అని ఊపిరాడకుండా అడుగుతోంది. చూడటానికే సగం తినేస్తోంది."

పోశవ్వ నా వైపు తిరిగింది. "ఇగ చెప్పు."

"నాదే" అన్నాను.

ఆమె నవ్విన నవ్వుకు సుబ్బమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఇవన్నీ తీసేస్తానండి, సులువు" అంది వరలక్ష్మి.

"నా చిలుకను ముట్టుకుంటె ఊకోను" అంది పోశవ్వ. అప్పుడు నవ్వడం లేదు.

నేను ఆలోచించాను. చిలుక పోతే పోశవ్వ అలుగుతుంది. దీపం పోతే లలిత రాదు, ఆమె అత్త అసలే పంపడానికి గొణుగుతుంది. పదకొండు బొమ్మల్లో నాలుగు తీసి ఏడు ఉంచితే, ఎవరివి ఏడు? బ్యాటరీ మిగిలి మనుషులు పోతే పెట్టె ఎవరికి?

"బిడ్డా," అన్నాను, "ఒకటడుగుత. గది లేచినప్పుడు చేసే పని ఎంత?"

"చాలా చిన్నదండి. రెప్ప వేసేంత కూడా కాదు. లేవడం, మళ్లీ పడుకోవడం, అదే ఖర్చు."

ఆ మాటతో నాకు తెలిసిపోయింది. నేను నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్నాను. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం. ఎవరైనా పిలిస్తే చాట దించాలి, తంబాకు దులుపుకోవాలి, మోకాళ్లు పట్టుకుని లేవాలి. పిలిచిన పని నిమిషం. తిరిగి కూర్చుని చెయ్యి పాత వేగానికి రావడానికి ఐదు నిమిషాలు. అందుకే మా ఇంట్లో నేను పెట్టిన నియమం ఒకటుంది. ఇరవై ఐదు బీడీల కట్ట కట్టేదాకా లేవను. దాహమైనా, కోడలు ఉప్పెంత వెయ్యాలని అడిగినా, బయట కూరగాయల బండి వచ్చినా, కట్ట అయ్యాకే. లేచినప్పుడు అన్నీ ఒక్కసారే చేసి వచ్చి కూర్చుంటాను. మొదట్లో తిట్టుకున్నారు. ఇప్పుడు కోడలే అందరికీ చెబుతుంది, ఆగుండ్రి, కట్ట కానియ్యుండ్రి అని.

ఇదంతా వరలక్ష్మికి చెప్పి, "నీ మిషన్‌కు గూడ కట్ట పెట్టు" అన్నాను. "ఎవనిష్టమొచ్చినప్పుడు వాడు లేపుడు కాదు. అందరు ఆగాలె. లేసినప్పుడు ఒక్కసారె అందరి పని చెయ్యాలె. చిలుక ఉంటది, దీపం ఉంటది."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కట్ట నిమిషానికి ఒకటి పెడదామా అండీ?"

"పెట్టు."

సాయంత్రం దాకా కూర్చుంది. ఒక్కో బొమ్మకూ, కాస్త ముందూ వెనకా అయినా ఫర్వాలేదు, నిమిషం నిండినప్పుడు అందరితో కలిసి లే అని రాసింది. అట్లా ఒప్పుకున్న అలారాలన్నిటినీ ఆపరేటింగ్ సిస్టం, అంటే పెట్టెను నడిపే పెద్ద ప్రోగ్రాం, ఒకచోట పోగేసి ఒక్కసారే మోగిస్తుందట. పాఠాన్ని మాత్రం వేరే తీరుగా మార్చింది. అది ఇక అడగదు, మీట నొక్కితే మీటే పిలుస్తుంది. నెట్ వెతికేదాన్ని పూర్తిగా ఆపేసింది. తెర వెలుగు తగ్గించింది. మళ్లీ నల్ల కిటికీ చూస్తే నాలుగు వందల అరవై ఉన్నచోట ఇరవై ఎనిమిది.

"నిమిషం దాక కన్నార్పకుంటె అదేం చిలుకే?" అంది పోశవ్వ.

"నువ్వు లెక్క జెయ్యకుంట దాన్ని సూసుడు తగ్గుతది" అన్నాను.

మర్నాడు పొద్దున మేం బయలుదేరేటప్పుడు వరలక్ష్మి దాచకుండా చెప్పింది. "రెండు గంటల ఇరవై నిమిషాలు గట్టిగా వస్తుందండి. రెండున్నర అంటే మాత్రం నేను మాట ఇవ్వలేను. మూత మాత్రం ఊరికే తియ్యకండి. తీసినప్పుడల్లా తెరా, డిస్కూ అన్నీ లేస్తాయి." డబ్బు తీసుకోలేదు. సుబ్బమ్మ బెల్లం అచ్చు ఒకటి ఇచ్చింది. దారంతా పెట్టె పోశవ్వ ఒళ్లో ఉంది. నాకు ఇవ్వలేదు.

గురువారం, మా ఊరు

మేం చేరేసరికి ఒంటిగంటన్నర. ఉన్న అరగంటలో చార్జింగ్ నిండా కాలేదు, తొంభై ఏడు దగ్గరే కరెంటు పోయింది. మల్లేశం సార్ గోడ పక్కన కుర్చీ వేసుకుని చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ముందుగా అందరికీ జరిగింది చెప్పాను. మీ అందరి బొమ్మలకన్నా ఎక్కువ తిన్నది నాదే అని కూడా చెప్పాను.

"చదువుల మొదటిదే, తిండిల గూడ మొదటిదే" అంది ఖైరున్నీసా. మాట పడ్డాను. పడాల్సిందే.

పాఠం మొదలైంది. కొంతసేపు ఏ బొమ్మా కదల్లేదు. లలిత దీపం చచ్చిపోయిందని ఏడుపు మొహం పెట్టింది. అంతలో నిమిషం నిండింది. చిలుక కన్ను ఆర్పింది, దీపం ఊగింది, పూలతీగ పూసింది, ముల్లు జరిగింది, అన్నీ ఒక్కసారే. "ఓయమ్మో" అని పదకొండు మందిమీ అరిచాం. సుగుణ టీచర్ బల్ల మీద కొట్టింది.

మూడూ నలభై. పాత లెక్కన చచ్చే సమయం. పెట్టె చావలేదు. నాలుగు. బ్యాటరీ అంకెల మీద నుంచి నా కళ్లు కదలడం లేదు. లెక్క చెయ్యమంటే అంకెలు చూస్తున్నానని సుగుణ టీచర్ బీడీలు చుట్టే తునికాకు ముక్క ఒకటి తడిపి ఆ అంకెల మీద అంటించింది. అప్పుడు గానీ పాఠం వినబడలేదు. వడ్డీ లెక్క. మేం బయట ఎప్పుడూ వేలి కణుపుల మీద చేసేదే. అదే కాగితం మీద ఎట్లా చేస్తారో మొదటిసారి పూర్తిగా చూశాం.

నాలుగూ ఇరవై అయిదుకు పెట్టె కూతపెట్టింది, బ్యాటరీ అయిపోతున్నదని. సాయవ్వ లెక్క చివరి మెట్టు మీద ఉంది. మీట నొక్కింది. తప్పు. మల్లేశం సార్ కుర్చీలోంచి లేచాడు. లేచింది గడియారం చూడటానికి కాదు, సాయవ్వ కాగితం చూడటానికి. "సున్న మర్చిపోయినవ్ అక్కా" అన్నాడు మెల్లగా. ఆమె సున్న పెట్టి మళ్లీ నొక్కింది.

ఒప్పు అంది పెట్టె. ఆ తర్వాత ఆ గొంతు, "ఈ పాఠం ఇంతటితో పూర్తయింది" అంది. లెక్కల పాఠంలో ఆ మాట ఉంటుందనే మాకు తెలియదు. మూడు నెలల్లో ఒక్కసారీ మేం అక్కడిదాకా పోలేదు.

మల్లేశం సార్ గడియారం తొడుక్కున్నాడు. నాలుగూ ముప్పై ఒకటి. "ఉంచుకోండ్రి" అన్నాడు.

రెండు వేల ఎనిమిది ఫిబ్రవరి ఇరవై ఒకటిన, మా ఊరి బడి వెనక గదిలో ఆ మాట విన్నవాళ్లం వీళ్లం: చిలుక పోశవ్వ, దీపం లలిత, సున్న మరిచిన సాయవ్వ, ఖైరున్నీసా, లస్మవ్వ, భూదేవి, రేణుక, పెద్ద గంగు, నడిపి గంగు, చిన్నుబాయి, సుగుణ టీచర్, మల్లేశం సార్, ఇది రాసిన రాజవ్వ.